సంచకారం, బయానా, అడ్వాన్సు: మూడూ ఒకటేనా? బేరం తప్పితే రెట్టింపు ఇవ్వాలన్న మాట ఎక్కడిది?

పాతకాగితం అడిగినది:

నిఘంటువుల్లో, పాత క్రయ కాగితాల్లో "సంచకారం" అనే మాట ఉంది. బేరం కుదిరిన రోజు ఇచ్చే సొమ్ము అని అర్థం రాస్తారు. ఇప్పుడు ఊళ్లలో దాన్నే బయానా అంటున్నారు, కోస్తాలో కొన్ని చోట్ల బజానా. ప్లాట్లు అమ్మేవాళ్లు అడ్వాన్సు అంటారు, లేకపోతే టోకెన్ అంటారు. పెద్దల మాట మాత్రం అన్నిచోట్లా ఒకటే: కొనేవాడు తప్పితే బయానా పోయినట్టే, అమ్మేవాడు తప్పితే రెట్టింపు ఇవ్వాలి.

నాకు తెలియాల్సినవి ఇవి. సంచకారం అన్న మాట ఎలా పుట్టింది? బయానాకూ దానికీ చుట్టరికం ఉందా? ఈ రెట్టింపు నియమం ఎక్కడి నుంచి వచ్చింది, ఇవాళ కోర్టులో నిలుస్తుందా? బయానాకూ అడ్వాన్సుకూ చట్టంలో తేడా ఉందా, లేక పేర్లే వేరా?

—

అమరపదం జవాబు:

మాట పుట్టుక వరకు చెబుతాను, చట్టం సంగతి తెలిసినవాళ్లు చెప్పాలి.

సంచకారం అచ్చ తెలుగు మాటలా వినబడుతుంది కానీ తద్భవం. మూలం సంస్కృతంలోని సత్యంకారం. సత్యం చేయడం, అంటే అన్నమాటను నిజం చేసి చూపడం. ప్రాకృతంలో "త్య" కాస్తా "చ్చ" అయి సచ్చంకార అయింది. తెలుగులోకి వచ్చేసరికి సున్న ముందుకు జరిగి సంచకారము, సంచకరువు అయ్యాయి. కన్నడంలో సంచకార, తమిళంలో అచ్చారం అన్నవీ దీని అన్నదమ్ములే. తమిళనాట అచ్చారం ఇంకా వాడుకలో ఉంది. మన దగ్గర బయానా వచ్చి సంచకారాన్ని పక్కకు నెట్టేసింది.

ఈ మాట ఎంత పాతదంటే పాణిని దీనికోసం సూత్రాలు చేశాడు. "కారే సత్యాగదస్య" అన్న సూత్రం సత్యంకార అన్న రూపాన్ని సాధించడానికే. ఇంకొకటి "సత్యాదశపథే". వర్తకుడు సరుకును "సత్యాకరోతి" అంటే దాన్ని కొంటానని ఖాయం చేసుకుంటున్నాడని అర్థం. అశపథే అన్నది గమనించండి, ఒట్టు పెట్టుకోవడం కాని సందర్భంలోనే ఈ రూపం వస్తుంది. దేవుడి మీద ప్రమాణం చేసి మాట నిలబెట్టుకోవడం ఒక పద్ధతి, వస్తువో సొమ్మో చేతిలో పెట్టి నిలబెట్టుకోవడం ఇంకో పద్ధతి. వ్యాకరణమే ఆ రెంటినీ విడదీసింది. అమరకోశం కూడా సత్యాపనం, సత్యంకారం, సత్యాకృతి అనే మూడు పర్యాయపదాలను వైశ్యవర్గంలో, క్రయవిక్రయాల మాటల మధ్య పెట్టింది.

ఇక రెట్టింపు. యాజ్ఞవల్క్య స్మృతి వ్యవహారాధ్యాయంలో స్పష్టంగా ఉంది: "సత్యంకారకృతం ద్రవ్యం ద్విగుణం ప్రతిదాపయేత్". సత్యంకారంగా ఇచ్చిన ద్రవ్యాన్ని రెండింతలు తిరిగి ఇప్పించాలి. శ్లోకం ఇంతే చెబుతుంది, ఎవరు తప్పితే అన్నది చెప్పదు. దాన్ని తేల్చింది మితాక్షర. కళ్యాణి చాళుక్యుల విక్రమాదిత్యుడి కాలంలో, అంటే 11వ శతాబ్ది చివర, 12వ శతాబ్ది మొదట, విజ్ఞానేశ్వరుడు రాసిన వ్యాఖ్య అది. ఆయన చెప్పినది ఇది: బేరం నిలబడటానికి ఉంగరం వంటిది అవతలివాడి చేతిలో పెడితే, పెట్టినవాడే మాట తప్పితే ఆ వస్తువు వదులుకోవాలి, పుచ్చుకున్నవాడు తప్పితే దానికి రెండింతలు ఇవ్వాలి. మీ పెద్దలు చెబుతున్న మాట అక్షరం పొల్లుపోకుండా ఇదే.

ఉదాహరణగా ఆయన సొమ్మును కాక ఉంగరాన్ని తీసుకోవడం నాకు చాలా విలువైన సంగతి అనిపిస్తుంది. సత్యంకారం ధరలో భాగంగా మొదలవలేదు. ఉంగరాన్ని ధరలో జమ కట్టుకోరు కదా, బేరం పూర్తయ్యాక తిరిగి తీసుకుంటారు. ధరలోంచి మినహాయించుకునే సొమ్ముగా అది తరవాత మారింది. బయానాకూ అడ్వాన్సుకూ మధ్య ఈనాటి తగాదా అంతా అక్కడ మొదలైందే.

—

చార్‌కమాన్ జవాబు:

బయానా సంగతి నేను చెబుతాను. అది ఫార్సీ దారిన వచ్చింది. అరబ్బీలో "బై" అంటే అమ్మకం, దానికి ఫార్సీ ప్రత్యయం "ఆనా" చేరి బైఆనా, మన నోట బయానా. అదే "బై"కి నామా చేరితే బైనామా, అమ్మకపు కాగితం. తెలంగాణలో రైతులందరికీ తెలిసిన సాదాబైనామా ఇదే, రిజిస్ట్రేషన్ లేకుండా తెల్లకాగితం మీద రాసుకున్న కొనుగోలు. కాబట్టి సంచకారానికీ బయానాకూ పుట్టుకలో చుట్టరికం లేదు. ఒకే పనికి రెండు భాషలు ఇచ్చిన రెండు పేర్లు.

ఒక చిక్కు మాత్రం చెప్పుకోవాలి. మాట ముస్లిం పాలకుల కచేరీల నుంచి వచ్చింది కాబట్టి జప్తు నియమం కూడా అక్కడిదే అనుకుంటారు. అది పొరపాటు. ఇస్లామీ ధర్మశాస్త్రంలో దీన్ని ఉర్బూన్ అంటారు. కొనేవాడు తప్పుకుంటే ఆ సొమ్ము అమ్మేవాడికి ఉండిపోవడాన్ని హనఫీ, మాలికీ, షాఫయీ సంప్రదాయాలు ఒప్పుకోవు. ప్రతిఫలం లేకుండా ఒకరి సొమ్ము ఇంకొకరు తినడం వాళ్ల లెక్కలో తప్పు. హంబలీలు ఒక్కరే ఒప్పుకుంటారు. మక్కాలో చెరసాల కోసం ఖలీఫా ఉమర్ తరఫున సఫ్వాన్ అనే ఆయన ఇంటిని కొన్న ఉదంతాన్ని ఆధారంగా చూపుతారు. మన దేశంలో ఎక్కువమంది ముస్లింలు హనఫీలు. అంటే పేరు ఫార్సీది, నియమం ఈ నేలమీద అంతకుముందే ఉన్నది.

ఉర్బూన్ అన్న మాట ఇంకా దూరం పోతుంది. హీబ్రూలో ఎరవోన్, గ్రీకులో అర్రబోన్, లాటిన్‌లో అర్రా, ఫ్రెంచిలో అర్‌, అన్నీ ఒకే మాట. సెమిటిక్ వర్తకుల నుంచి మధ్యధరా తీరమంతా పాకింది. బైబిలు ఆదికాండంలో యూదా తన ముద్రను, దాని దారాన్ని, చేతికర్రను ఎరవోన్‌గా ఇస్తాడు. ఉంగరం లాంటిదే అది కూడా. జస్టీనియన్ చక్రవర్తి 6వ శతాబ్దిలో చేయించిన రోమన్ న్యాయ సంకలనంలో కొనేవాడు తప్పితే అర్రా పోతుంది, అమ్మేవాడు తప్పితే రెట్టింపు ఇవ్వాలి. ఫ్రెంచి సివిల్ కోడ్ 1590వ అధికరణంలో నేటికీ అదే ఉంది. యాజ్ఞవల్క్యుడి మాటే!

—

ఓఎస్ దావా జవాబు:

ఇప్పుడు కోర్టులో ఏం జరుగుతుందో చూద్దాం. పైన ఇద్దరూ చెప్పినది చరిత్రగా నిజం. కానీ మన సివిల్ కోర్టులు నడిచేది 1872 కాంట్రాక్టు చట్టం మీద, దాని వెనక ఉన్న ఇంగ్లీషు తీర్పుల మీద. ఇంగ్లీషు పద్ధతిలో సగమే ఉంది. కొనేవాడు తప్పితే సొమ్ము పోతుంది. అమ్మేవాడు తప్పితే తీసుకున్నది తిరిగి ఇచ్చి, నష్టమేదైనా రుజువైతే అదీ ఇవ్వాలి. రెట్టింపు అన్న నియమం అక్కడ లేదు. కాబట్టి కాగితంలో రాసుకోకపోతే "ఆచారం ప్రకారం రెట్టింపు ఇప్పించండి" అని దావా వేసి గెలవడం కష్టం. రాసుకున్నా పూర్తిగా వస్తుందన్న హామీ లేదు. సెక్షన్ 74 అడ్డు వస్తుంది. ఒప్పందం తప్పితే ఇంత ఇవ్వాలని రాసుకున్న మొత్తం ఒక గరిష్ఠ పరిమితి మాత్రమే, దానికి లోబడి కోర్టు సమంజసమైన పరిహారం ఇప్పిస్తుంది.

చట్టంలో ఇంగ్లీషు మాట ఎర్నెస్ట్. బయానాకు సమానంగా కోర్టులు వాడేది ఇదే. 1677లో ఇంగ్లండు చేసిన మోసాల నివారణ చట్టం 17వ సెక్షన్ 10 పౌండ్లు, ఆపైన ధర ఉన్న సరుకు బేరం నిలవాలంటే ఏం ఉండాలో చెబుతూ, "బేరాన్ని కట్టడానికి ఇచ్చిన బయానా" అని ఒకటి, "ధరలో భాగంగా చెల్లింపు" అని ఇంకొకటి విడివిడిగా పేర్కొంది. రెండూ వేరని అప్పుడే తెలుసు. రెండు పనులూ ఒకే సొమ్ము చేయవచ్చని తేల్చింది 1884 నాటి హౌ వర్సెస్ స్మిత్ కేసు. 12,500 పౌండ్ల ఆస్తికి 500 పౌండ్లు డిపాజిట్టు. బేరం సాగితే అది ధరలో జమ, కొనేవాడు తప్పితే అది హామీ సొమ్ము కాబట్టి పోతుంది అన్నారు.

మన దగ్గర, బ్రిటిషు కాలంలో లండన్‌లో ఉన్న ఆఖరి అప్పీలు కోర్టు ప్రివీ కౌన్సిల్ 1926లో చిరంజీత్ సింగ్ కేసులో ఇదే సూత్రం చెప్పింది. సుప్రీంకోర్టు 1969లో హనుమాన్ కాటన్ మిల్స్ కేసులో దాన్ని ఐదు లక్షణాలుగా విడదీసింది. ఒప్పందం ఖాయమయ్యే క్షణానే ఇవ్వాలి. ఒప్పందం నెరవేరుతుందన్న హామీగా ఇవ్వాలి. బేరం పూర్తయితే ధరలో భాగం కావాలి. కొనేవాడి తప్పు వల్ల బేరం చెడితే జప్తవుతుంది. ఒప్పందంలో వేరేగా లేకపోతే జప్తు చేసుకునే హక్కు అమ్మేవాడికి ఉంటుంది. ఈ ఐదింటిలో మొదటి రెండే అసలు పరీక్ష.

సొమ్ముకు కాగితంలో ఏ పేరు పెట్టారన్నది కాదు, ఏ పని కోసం ఇచ్చారన్నదే కోర్టు చూస్తుంది. దీనికి అన్నిటికన్నా మంచి ఉదాహరణ 1963 నాటి ఫతేచంద్ కేసు. 1949లో ఢిల్లీలో ఒక బంగళా బేరం, ధర 1,12,500 రూపాయలు. ముందు 1,000 బయానా, తరవాత స్వాధీనం ఇచ్చేటప్పుడు ఇంకో 24,000. కొనేవాడు తప్పితే మొత్తం 25,000 జప్తు అని ఒప్పందంలో రాసుకున్నారు. బేరం చెడింది. కోర్టు 1,000 ఉంచుకోనిచ్చింది, అది బయానా. 24,000 మాత్రం ధరలో భాగమని, దాన్ని జప్తు చేయడం జరిమానా కిందికి వస్తుందని, సెక్షన్ 74 కింద సమంజసమైన మేరకే పరిహారం దక్కుతుందని చెప్పింది. బయానా, అడ్వాన్సు ఒకటేనా అన్న మీ ప్రశ్నకు జవాబు ఈ ఒక్క కేసులో ఉంది.

మౌలాబక్ష్ కేసు కూడా 1969దే. సైన్యానికి బంగాళాదుంపలు, కోళ్లు, గుడ్లు, చేపలు సరఫరా చేసే కాంట్రాక్టులు. కట్టిన 10,000, 8,500 రూపాయలు సెక్యూరిటీ డిపాజిట్లే కానీ బయానా కాదన్నారు. నష్టం రుజువు చేయలేదు కాబట్టి ప్రభుత్వం తిరిగి ఇవ్వాల్సి వచ్చింది. టెండర్లలో కట్టే ఈఎండీకీ (బయానా డిపాజిట్టుకూ), పని దొరికాక కట్టే సెక్యూరిటీ డిపాజిట్టుకూ ఉన్న తేడా కాంట్రాక్టర్లు ఇక్కడ పట్టుకోవాలి.

2015లో కైలాస్‌నాథ్ అసోసియేట్స్ కేసు వచ్చి ఇంకో మెలిక పెట్టింది. ఢిల్లీ అభివృద్ధి సంస్థ 1982లో ఒక ప్లాటు వేలం వేసింది. పాట 3.12 కోట్లు, అందులో 25 శాతం, అంటే 78 లక్షలు కట్టించుకుంది. గడువులు పెంచుతూ పోయి చివరికి రద్దు చేసింది, సొమ్ము జప్తు చేసింది, అదే ప్లాటును తరవాత 11 కోట్ల పైచిలుకు ధరకు అమ్ముకుంది. నష్టమే లేనిచోట పరిహారం ఏమిటని కోర్టు ఆ 78 లక్షలు తిరిగి ఇప్పించింది. బయానా అని పేరున్నా సెక్షన్ 74 వర్తిస్తుందని చెప్పింది. ధరకు తగిన చిన్న మొత్తమైతే జప్తు నిలుస్తుంది, మొత్తం పెరిగేకొద్దీ అమ్మేవాడు నష్టం చూపాల్సి వస్తుంది. నా అభిప్రాయంలో ఇది సరైన దారి.

—

పాతకాగితం:

చాలా వివరంగా చెప్పారు, ముగ్గురికీ ధన్యవాదాలు. ఒక లెక్క అడుగుతాను. ప్లాటు 40 లక్షలు. కాగితంలో "ఈరోజు అడ్వాన్సుగా 10 లక్షలు ముట్టినవి, మిగతా 30 లక్షలు మూడు నెలల్లో" అని మాత్రమే ఉంది. బయానా అన్న మాట లేదు, జప్తు మాట లేదు. కొనేవాడికి డబ్బు కుదరలేదు. ఆ 10 లక్షలు పోయినట్టేనా?

—

ఓఎస్ దావా:

అలా చెప్పలేం. బేరం కుదిరిన రోజే ఇచ్చారు కాబట్టి మొదటి లక్షణం ఉంది. కానీ హామీగా ఇచ్చారనడానికి కాగితంలో ఆధారం లేదు, పైగా ధరలో నాలుగో వంతు. 2012లో సతీశ్ బాత్రా కేసులో సుప్రీంకోర్టు సూటిగా చెప్పింది: జప్తు చేయాలంటే షరతు స్పష్టంగా, నిర్ద్వంద్వంగా ఉండాలి, కేవలం ధరలో భాగంగా ఇచ్చిన అడ్వాన్సును జప్తు చేయడానికి లేదు. ఆ కేసులో ధర 70 లక్షలు, బయానా 7 లక్షలు. కొనేవాడు తప్పితే జప్తు, అమ్మేవాడు తప్పితే రెట్టింపు అని రెండువైపులా రాసుకున్నారు. ఆ 7 లక్షల జప్తును కోర్టు నిలబెట్టింది. మితాక్షర నాటి నియమం ఢిల్లీ అగ్రిమెంటులో ఒక షరతుగా బతికి ఉందన్నమాట.

మీరు చెప్పిన కాగితం మీద అమ్మేవాడికి మిగిలే దారి సెక్షన్ 73. జరిగిన నష్టం రుజువు చేసుకోవాలి. అదే ప్లాటు తరవాత 38 లక్షలకే పోతే 2 లక్షల తేడా అడగవచ్చు. 42కు పోతే అడగడానికి పెద్దగా ఏమీ ఉండదు.

తిరగేసి చూడండి. బేరం చెడింది అమ్మేవాడి వల్లే అనుకుంటే, కొనేవాడికి ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 55(6)(బి) చాలా బలం ఇస్తుంది. ఇచ్చిన ధర సొమ్ముకు, సరైన కారణంతో కొనడానికి నిరాకరించిన సందర్భంలో బయానాకు కూడా, ఆ ఆస్తి మీదే అతనికి ఛార్జి, అంటే ఆ ఆస్తి నుంచే రాబట్టుకునే హక్కు ఉంటుంది. దీన్ని దావాలో అడగడం చాలామంది మరిచిపోతారు.

ఇంకా పెద్ద పొరపాటు ఇది. రిజిస్ట్రేషను చేయించమని దావా వేస్తూ, "అది కుదరకపోతే నా సొమ్ము తిరిగి ఇప్పించండి" అన్న ప్రత్యామ్నాయ ప్రార్థన రాయరు. స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 22 ప్రకారం దాన్ని విడిగా అడగాలి. అడగకపోతే కోర్టు తనంతట తాను ఇవ్వదు. దావా నడుస్తుండగా ప్లెయింటు (దావా కాగితం) సవరించి చేర్చుకునే వీలుంది. 2025లో కె.ఆర్. సురేశ్ కేసులో 55.50 లక్షల బేరానికి ఇచ్చిన 20 లక్షలు కొనుగోలుదారుకు దక్కకపోవడానికి ఉన్న కారణాల్లో ఈ ప్రార్థన లేకపోవడం ఒకటి. ఆ కేసులో కాగితం మీద ఉన్న మాట "అడ్వాన్సు" అనే. షరతులు చూసి దాన్ని హామీ సొమ్ముగానే కోర్టు లెక్కకట్టింది. అందుకే అంటున్నాను, పేరు చూసి ధైర్యపడకూడదు, భయపడకూడదు.

గడువు తేదీ రాసి ఉంటే ఆ తేదీ నుంచి మూడేళ్లలో దావా పడాలి. తేదీ లేకపోతే అవతలివాడు నిరాకరించిన సంగతి తెలిసిన రోజు నుంచి.

—

దస్తావేజు లేఖరి జవాబు:

కోర్టు దాకా పోకుండా కాగితం ఎలా రాయాలో చెబుతాను. తగాదాల్లో ఎక్కువ భాగం రాతలోనే పుడతాయి.

అన్నిటికన్నా ముందు సొమ్మును విడదీయండి. 40 లక్షల బేరానికి మొదటిరోజు 10 లక్షలు చేతులు మారుతుంటే, "ఈ ఒప్పందం నెరవేరుస్తామన్న హామీగా బయానా 2 లక్షలు, ధరలో భాగంగా 8 లక్షలు" అని రెండు వాక్యాలు రాయాలి. జప్తు షరతు 2 లక్షలకే పెట్టాలి. 10 లక్షలకూ కలిపి పెడితే అమ్మేవాడికి లాభం అనుకుంటారు, నిజానికి అక్కడే బలహీనపడతాడు. బయానా ధరలో 5 నుంచి 10 శాతం మధ్య ఉంచితే ఎవరికీ ఇబ్బంది ఉండదు. బిల్డరు దగ్గర ఫ్లాటు అయితే 2016 రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం 13వ సెక్షన్ ప్రకారం రిజిస్టరు అయిన అగ్రిమెంటు లేకుండా 10 శాతానికి మించి తీసుకోకూడదు.

రెండువైపులా షరతు రాయండి. కొనేవాడు ఫలానా తేదీలోగా మిగతా సొమ్ము ఇవ్వకపోతే బయానా వదులుకోవాలి, 8 లక్షలు ఇన్ని రోజుల్లో వాపసు. అమ్మేవాడు తప్పితే మొత్తం 10 లక్షలు వాపసు, దానికి తోడు బయానాకు సమానమైన 2 లక్షలు పరిహారం. రెట్టింపు అంటే బయానాకు రెట్టింపే, ఇచ్చిన సొమ్ము మొత్తానికి కాదు. ఇక్కడ గొడవలు పడతారు కాబట్టి అంకెల్లో, అక్షరాల్లో రాయడం మంచిది.

ఎవరి తప్పూ కాని సందర్భం ఒకటి ఉంటుంది, దాన్ని ఎవరూ రాయరు. బ్యాంకు లోన్ రాకపోతే? సర్వే నంబరు 22ఎ నిషేధిత జాబితాలో ఉందని తేలితే? ఈసీలో (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే పత్రంలో) పాత తనఖా బయటపడితే? కొలిస్తే 200 గజాలకు 185 గజాలే ఉంటే? చివరి మూడూ అమ్మేవాడి హక్కులో లోపాలు, బయానా వాపసు రావాలి. లోన్ రాకపోవడం కొనేవాడి లెక్క. దానికి మినహాయింపు కావాలంటే ముందే రాయించుకోవాలి. "లోన్ రాలేదు" అన్నది రాయని షరతు అయితే జప్తును ఆపలేదు.

గడువు గురించి ఒక మాట. స్థిరాస్తి బేరాల్లో గడువు తేదీ దాటిన మాత్రాన ఒప్పందం చచ్చిపోదని సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 1992లో చాంద్ రాణి కేసులో చెప్పింది. తేదీ కచ్చితం కావాలంటే "గడువే ఈ ఒప్పందానికి ప్రాణం" అన్న అర్థం వచ్చేలా రాయాలి, దాటితే ఏమవుతుందో కూడా రాయాలి. రాశాక, గడువు దాటిన తరవాత ఇంకో లక్ష తీసుకుని అదే కాగితం వెనక చెల్లు వేస్తే ఆ షరతును మీరే నీరుగార్చినట్టు. పొడిగించాలనుకుంటే "ఫలానా తేదీ వరకు పొడిగించాం, మిగతా షరతులు యథాతథం" అని ఇద్దరూ సంతకం చేసి మరీ పొడిగించాలి.

బయానా రసీదులో "స్వాధీనం ఇచ్చాం" అన్న మాట అలవాటుగా పడేస్తుంటారు. ఆ ఒక్క ముక్కతో అది మన రెండు రాష్ట్రాల్లోనూ స్టాంపు సుంకం విషయంలో అమ్మకపు దస్తావేజుతో సమానం అవుతుంది. 100 రూపాయల స్టాంపు పేపరు మీద రాసి ఉంటే, కోర్టులో చూపాల్సిన రోజున తగ్గిన సుంకమూ, దానికి పదింతల దాకా పెనాల్టీ కట్టాలి. స్వాధీనం నిజంగా ఇస్తేనే రాయండి.

నగదు సంగతి. స్థిరాస్తి బేరంలో 20,000 రూపాయలు, అంతకుమించి నగదుగా తీసుకోకూడదన్న నియమం 2015 జూన్ 1 నుంచి ఉంది. బేరం పూర్తయినా కాకపోయినా వర్తిస్తుంది. తీసుకున్నవాడికి అంతే మొత్తం పెనాల్టీ పడవచ్చు. వాపసు ఇచ్చేటప్పుడు కూడా నగదు వద్దు. చెక్కు, డీడీ, బ్యాంకు బదిలీ ఏదైనా సరే, నంబరు, తేదీ కాగితంలో ఎక్కించాలి. ఆస్తి విలువ 50 లక్షలు, ఆపైన ఉంటే కొనేవాడు బయానా చెల్లింపు నుంచే 1 శాతం టీడీఎస్ కోయాలి. చివర్లో ఒకేసారి కోద్దామనుకుంటే వడ్డీ పడుతుంది.

సంతకాలు చూసుకోండి. ఆస్తి అన్నదమ్ములందరిదీ అయితే పెద్దాయన ఒక్కడి సంతకంతో బయానా ఇవ్వడం మన దగ్గర మామూలు. మిగతావాళ్లు కాదంటే ఆయన వాటా మేరకే మీకు దారి ఉంటుంది. మధ్యవర్తి చేతికి బయానా ఇచ్చి అతని రసీదు తీసుకోవడం ఇంకా ప్రమాదం. సొమ్ము పట్టాదారు ఖాతాలోకే పోవాలి.

—

అమరపదం:

లేఖరి గారూ, బయానాను ధరలో భాగం నుంచి విడదీసి రాయమన్నారు చూడండి, అది మితాక్షరలో ఉంగరాన్ని ధర నుంచి వేరుగా చూసిన పద్ధతే. బాగుంది.

ఒక చిన్న చేర్పు. ఇంగ్లీషు ఎర్నెస్ట్‌ను "చిత్తశుద్ధి" అన్న అర్థం ఉన్న మాటతో కలిపి, "చిత్తశుద్ధిని చాటే సొమ్ము" అని తెలుగులో వివరించడం అక్కడక్కడ కనబడుతుంది. ఆ రెండూ వేర్వేరు మాటలని నిఘంటుకారుల అభిప్రాయం. బయానా అర్థంలో ఉన్నది చార్‌కమాన్ గారు చెప్పిన అర్రా కుటుంబం నుంచి పాత ఫ్రెంచి మీదుగా వచ్చి, ఉచ్చారణ పోలిక వల్ల రెండోదానిలో కలిసిపోయిందంటారు.

—

పాతకాగితం:

చివరగా ఒకటి. కాగితం నోటరీ చేయిస్తే చాలా, రిజిస్టరు చేయించాలా? పశువులు, ధాన్యం, మేళం లాంటి వాటికి ఇచ్చే బయానాకూ ఇవే నియమాలా?

—

ఓఎస్ దావా:

నోటరీ ముద్ర సంతకం ఎవరిదో చెబుతుంది, అంతకుమించి బలం ఇవ్వదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999 సవరణతో విక్రయ అగ్రిమెంట్లకు కూడా రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేశారు. అయితే రిజిస్టరు కాని అగ్రిమెంటును స్పెసిఫిక్ పెర్‌ఫార్మెన్స్ దావాలో (ఒప్పందం ప్రకారం రిజిస్ట్రేషను చేయించమని వేసే దావాలో) ఒప్పందానికి సాక్ష్యంగా తీసుకోవచ్చని రిజిస్ట్రేషన్ చట్టం 49వ సెక్షన్ మినహాయింపు చెబుతుంది. పెద్ద మొత్తమైతే రిజిస్టరు చేయించండి. ఈసీలో అగ్రిమెంటు ఎక్కుతుంది కాబట్టి ఇంకొకరికి అమ్మడం అమ్మేవాడికి కష్టమవుతుంది.

ధాన్యం, పశువులు, మేళం బయానాలకు కూడా కాంట్రాక్టు చట్టం 73, 74 సెక్షన్లే. 55(6)(బి) ఛార్జి మాత్రం స్థిరాస్తికే. కోర్టు వేలం వేరు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 21వ ఆర్డరు 84వ రూలు ప్రకారం పాట పాడినవాడు 25 శాతం వెంటనే కట్టాలి. మిగతాది 15 రోజుల్లో కట్టకపోతే ఖర్చులు పోను ఆ డిపాజిట్టును జప్తు చేసే అధికారం 86వ రూలు కింద కోర్టుకు ఉంటుంది. అది ఒప్పందం నుంచి కాక రూలు నుంచి వచ్చిన జప్తు. ఇద్దరు మనుషుల మధ్య బేరానికి ఆ 25 శాతం లెక్క తెచ్చి అతికించకండి.

మేళానికి ముహూర్తం రోజు అన్నది కచ్చితమైన గడువు. ఆ రోజు దాటితే పని వల్ల ఉపయోగం లేదు. అందుకే బయానా పుచ్చుకుని రాకపోతే సొమ్ము వాపసుతో పాటు, అప్పటికప్పుడు వేరే మేళం పెట్టుకోవడానికి అయిన అదనపు ఖర్చు కూడా అడగవచ్చు. రెండో మేళం రసీదు, మొదటివాళ్లకు బయానా పంపిన బ్యాంకు వివరం, రాలేమని వాళ్లు పెట్టిన సందేశం దాచుకుంటే చాలు.